ఉచితమైతే జవాబుదారీ ఉండదా?

కుయ్ కుయ్ మంటూ 108 బండి వస్తుంటే దారి ఇవ్వనివారు మన ఊళ్ళలో ఉండరు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ సేవ ఎందరో పేదల ప్రాణాలు నిలిపింది. అందులో అనుమానం లేదు. కానీ ఆ బండి ఆలస్యంగా వస్తే? వచ్చినా ఆక్సిజన్ సిలిండర్ ఖాళీగా ఉండి ప్రాణం పోతే? అడగాల్సింది ఎవరిని?

108ని నడిపేది ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న ప్రైవేటు సంస్థ. డబ్బిచ్చేది ప్రభుత్వం. డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నవారు వినియోగదారుల ఫోరానికి వెళ్ళవచ్చని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందరికీ పూర్తి ఉచితంగా చేసే సేవ ఆ చట్టం కిందికి రాదని కూడా అదే తీర్పు చెప్పింది. 2019 నాటి కొత్త చట్టంలోనూ ఉచిత సేవకు మినహాయింపు ఉంది. అంటే డబ్బిచ్చి అంబులెన్సు పిలిచినవాడికి సులువైన దారి ఉంది. 108కి ఫోన్ చేసిన కూలివాడికి మిగిలేది సివిల్ కోర్టు, లేదా హైకోర్టు. అంత స్తోమత మన అమ్మానాన్నలకు ఉందా?

కేసుల భయముంటే అంబులెన్సులు ఎవరు నడుపుతారని కొందరంటారు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం, రోడ్డు ప్రమాద బాధితులకు సాయపడే దారినపోయేవారికి కేసుల నుంచి రక్షణ ఇచ్చింది. మంచిదే. కానీ ఆ మనిషి ప్రతిఫలం ఆశించలేదు. కంపెనీ ఒప్పందం ప్రకారం సొమ్ము తీసుకుంటుంది. ఇద్దరూ ఒకటెలా అవుతారు? రాత్రంతా మేలుకునే డ్రైవరన్నను, ఈఎంటీని కోర్టుకీడ్చమని నేననను. అరిగిన టైర్లు మార్చకపోవడం, సిబ్బందిని తగ్గించడం యాజమాన్యం నిర్ణయాలు. జవాబు చెప్పాల్సిందీ యాజమాన్యమే.

ఉద్యోగుల నిర్లక్ష్యానికి సర్కారు సైతం నష్టపరిహారం కట్టాల్సిందేనని 1994లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఎన్. నాగేంద్రరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సర్కారే తప్పించుకోలేనప్పుడు కాంట్రాక్టు కంపెనీ ఎలా తప్పించుకుంటుంది?

శాంత తీర్పులోనే ఒక దారి కనబడుతుంది. రోగి తరఫున బీమా కంపెనీ డబ్బు కడితే అది ఉచిత సేవ కాదని కోర్టు అంది. మరి మన తరఫున ప్రభుత్వం కంపెనీకి కట్టినప్పుడు ఉచితమెలా అవుతుంది? పన్ను కట్టడం ఫీజు కట్టినట్టు కాదని అదే తీర్పు అన్నమాట నిజమే. అది ప్రభుత్వ ఆసుపత్రుల సంగతి. ఇక్కడ సొమ్ము అందుకునేది ప్రైవేటు సంస్థ. అందుకే ఇలాంటి సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని చట్టంలోనే స్పష్టంగా రాయాలి.

అంతవరకు మనం చేయగలిగింది ఒకటుంది. ఫోన్ ఎన్నింటికి వచ్చింది, బండి ఎన్నింటికి చేరింది, ఒప్పందంలో ఏముంది అని సమాచార హక్కు చట్టం కింద వైద్యశాఖను అడగవచ్చు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి దానికి ఫీజు కూడా లేదు. చదువుకున్న మనమే ఆ దరఖాస్తు రాసిపెట్టాలి. అత్యవసర వైద్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన హక్కు అని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. హక్కుగా వచ్చినదాన్ని నిలదీసి అడగడానికి మొహమాటమెందుకు?