చేపల వాసన రాని పడవ

"మీ అండమాన్ ప్రయాణం గురించి రాయకూడదూ? నలుగురు ఆడవాళ్లు, మగతోడు లేకుండా, సొంతంగా పడవ మాట్లాడుకుని సముద్రం మీదికి వెళ్లడం! స్వేచ్ఛ గురించి ఎంత చక్కగా రాయొచ్చో!" అంది ఒక మిత్రురాలు. రాయడానికి కూర్చున్నాను. మూడు పేజీలు రాసి చించేశాను. అందులో నీలం రంగు నీళ్లున్నాయి, గాలికి ఎగిరే జుట్టుంది, 'మొదటిసారి నన్ను నేను కలుసుకున్నాను' అనే వాక్యం కూడా ఉంది. పడవ నడిపిన మనిషి మాత్రం లేడు. అలాంటి పడవల వెనక ఉండే ఆడమనిషి అసలే లేదు. ఇప్పుడు మీరు చదువుతున్నది నాలుగో పేజీ అనుకోండి.

జరిగింది చెబుతాను. మేం దిగింది స్వరాజ్ ద్వీప్‌లో. 2018 డిసెంబరు దాకా దాని పేరు హావ్‌లాక్. అక్కణ్నించి ఎలిఫెంట్ బీచ్‌కి పగడపు దిబ్బలు చూడ్డానికి చిన్న పడవలు వెళ్తాయి. పదిమందితో కలిసి వెళ్లొచ్చు, పడవ మొత్తం మనమే మాట్లాడుకోనూ వచ్చు. మేం రెండోదే కావాలనుకున్నాం. నేను ఫోన్ చేస్తే అవతలి మనిషి అడిగిన మొదటి ప్రశ్న, "జెంట్స్ ఎంతమంది మేడమ్?" ఎవరూ లేరన్నాను. కాసేపు మాట్లాడలేదు. "ప్రైవేట్ బోటంటే మామూలుగా కపుల్స్ తీసుకుంటారు. పూలూ కేకూ ప్యాకేజీలోనే ఉంటాయి" అన్నాడు. పూలు వద్దన్నాం, కేకు ఉంచమన్నాం. పన్నెండు వేలకి బేరం కుదిరాక చివర్లో ఒక హామీ ఇచ్చాడు. "ఇది చేపలు పట్టే పడవ కాదు మేడమ్. వాసన అస్సలు రాదు."

ఆ మాట విని నేను సంతోషించాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

'ప్రైవేట్' అనే మాట గురించి ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. మా ఊళ్లో ప్రైవేటంటే ట్యూషన్. సాయంత్రం పలకా పుస్తకాలూ పట్టుకుని మాస్టారి అరుగు మీద నలభైమంది పిల్లలం ఇరుక్కుని కూర్చునేవాళ్లం. అంత బహిరంగమైన చోటు మళ్లీ చూడలేదు. తర్వాత ప్రైవేట్ కాలేజీ, ప్రైవేట్ ఆస్పత్రి వచ్చాయి. అందరిదీ అయినదాంట్లోంచి డబ్బున్నవాళ్లు బయటికి నడిచి వెళ్లే తలుపుకి ఆ పేరు స్థిరపడింది. ఇప్పుడు సముద్రానికి కూడా ఆ తలుపు పెట్టారు. నేను అందులోంచే వెళ్లాను.

ఎందుకు వెళ్లామో కూడా చెప్పాలి. భయం. అందరూ ఎక్కే పడవలో తడిబట్టలతో కూర్చుంటే ఎవరెవరి చూపులు ఎక్కడెక్కడ పడతాయో మాకు తెలుసు. కిక్కిరిసిన పడవ ఏం చేస్తుందో కూడా తెలుసు. 2014 జనవరి 26న ఈ అండమాన్‌లోనే, పట్టేవాళ్లకంటే ఎక్కువమందిని ఎక్కించుకున్న పర్యాటకుల పడవ మునిగి ఇరవైమందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న మన గోదావరిలో కచ్చులూరు దగ్గర 77 మందితో వెళ్తున్న పడవ మునిగితే 26 మందే బతికి బయటపడ్డారు. భద్రత కావాలనుకోవడం తప్పు కాదు. కానీ మనం చేసిందేమిటి? అందరి పడవనీ ఆడవాళ్లు నిర్భయంగా ఎక్కగలిగేలా చెయ్యమని అడగలేదు. డబ్బిచ్చి మా నలుగురికి సరిపడా భద్రత కొనుక్కుని వచ్చేశాం. అదే దీవి నుంచి నెలలు నిండిన గర్భిణులు పెద్దాసుపత్రికి వెళ్లాలంటే సర్కారు ఫెర్రీ కోసం ఎదురుచూస్తారు. వాళ్లకి ప్రైవేట్ పడవ ఎవరు మాట్లాడతారు? దీవి పేరు మాత్రం స్వరాజ్!

మా పడవలో ఇద్దరు మగవాళ్లున్నారు. నడిపేవాడు బెంగాలీ. లంగరు వేసి, దించి, మా కాళ్లు తడవకుండా బల్ల వేసే కుర్రాడు మా మాటలు విని, "అక్కా, తెలుగోళ్లా?" అన్నాడు. శ్రీకాకుళం జిల్లా, భావనపాడు దగ్గర పల్లె. తండ్రి వేటకి వెళ్తాడు. అమ్మ జంగ్లీఘాట్‌లో చేపలమ్ముతుంది. 2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన శ్రీ విజయపురంలో జంగ్లీఘాట్ పేట మన ఉత్తరాంధ్ర మత్స్యకారులతో నిండి ఉంటుంది. మేం తిరిగొచ్చేరోజు కుర్రాడు ఒక కవరు తెచ్చిచ్చాడు. "మా అమ్మకిచ్చేయండక్కా. సెప్పులు. రోజంతా నీళ్లలో నిల్సుంటాది."

అలా ఆమెని కలిశాను. యాభై ఏళ్లుంటాయి. చెప్పులు తొడుక్కుని చూసుకుని, మళ్లీ విప్పి కవర్లో పెట్టేసింది. మీ అబ్బాయి పడవ చాలా బావుందన్నాను. "నాను సూడనేదమ్మా" అంది. మీ ఆయన పడవన్నా ఎక్కారా అని అడిగాను. నేను అడక్కూడనిది అడిగినట్టు చూసింది.

"ఆడోళ్లం బోటెక్కకూడదు గదమ్మా. గంగమ్మ తల్లికి కోపమొస్తాది. ఇశాకపట్నం నుండి షిప్పెక్కి వొచ్చినాను గానీ, మా బోటు మాత్రం ఎక్కనేదు."

"పడవ మీ ఆయన సొంతమా?"

"సొంతమే. ఇంజను నా డ్వాక్రా లోనుతోనే కొన్నాడు. ఊర్నున్నప్పుడు తీసినాను. బేంకోళ్ల కాయితం మీద ఏలిముద్ర నాదే."

"మరి మేం ఎక్కాం కదా? గంగమ్మకి కోపం రాదా?"

ఆమె నవ్వింది. "మీరు డబ్బులిచ్చినోళ్లు గదమ్మా!"

సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న నేను అంటు గురించీ ఆచారం గురించీ ఎన్ని సెమినార్లలో ఎన్ని మాటలు విన్నానో. ఆమె ఒక్క మాటతో తేల్చేసింది. అంటు దేవతది కాదు. డబ్బు తెచ్చే ఆడది ఎక్కితే పడవ మైలపడదు. అప్పు తీర్చే ఆడది ఎక్కితే పడుతుంది. షిప్పుకి టికెట్ కొనుక్కుంది కాబట్టి షిప్పు మైలపడలేదు. సముద్రానికి ఆడపేరు పెట్టి, పడవకి అమ్మవారి పేరు పెట్టి, ఆ ఇంటి ఆడమనిషిని ఒడ్డునే నిలబెట్టారు. ఇది వాళ్ల కులం వెనకబాటుతనమని ఎవరైనా అనబోతే ఒక్క నిమిషం ఆగండి. పొలాలున్న కులంలో పుట్టిన నా ఇంట్లో, నెలకి మూడు రోజులు మా అమ్మ వంటింటి గడప దాటేది కాదు. పట్టా మీద ఆమె పేరెప్పుడూ లేదు. మా ఇంటి పొలమూ వాళ్ల పడవా ఒకే న్యాయంతో నడుస్తున్నాయి.

మన సాహిత్యంలో దీవికి పడవ మాట్లాడుకుని వెళ్లిన కథ ఒకటి చాలా పాతది. తండ్రి దాశరాజు మాట మీద యమునలో పడవ నడుపుతోంది మత్స్యగంధి. పరాశరుడు ఎక్కాడు. అటూ ఇటూ ఒడ్డున మనుషులున్నారంది ఆమె. ఆయన మంచు కప్పించాడు. ప్రయాణికుడు కోరిన ఏకాంతమది. ఆ దీవిలో పుట్టినవాడు కాబట్టే వ్యాసుడు ద్వైపాయనుడయ్యాడు. పోతూపోతూ ఆమె ఒంటి చేపల వాసన తీసేసి, ఆమడ దూరం పరిమళించే యోజనగంధిని చేశాడు. ఆ వరం ఆమే కోరుకుందని కథ చెబుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ తనని చూసి ముక్కు మూసుకునే లోకంలో పెరిగిన పిల్ల ఇంకేం కోరుకుంటుంది?

నేను ఈ కథని క్లాసులో రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ పరాశరుడు కూర్చున్న చోట కూర్చునే చెప్పానని ఇప్పుడు తెలుస్తోంది. వాసన పోవడం వరమెలా అయింది? ఎవరికి వరం? 'చేపల వాసన రాదు మేడమ్' అని ఫోన్‌లో నాకు దొరికింది కూడా ఆ వరమే కదా! ఒక తేడా ఉంది. ఇతిహాసంలో ఎంత అన్యాయం జరిగినా తెడ్డు మాత్రం ఆడదాని చేతిలో ఉంది. జంగ్లీఘాట్‌లో అదీ లేదు. చేపల వాసన మాత్రం ఆమెకి మిగిలింది.

నా సిద్ధాంత గ్రంథం స్త్రీల యాత్రా రచనల మీద. 1870ల్లో ఇంగ్లండు వెళ్లొచ్చి రాసిన పోతం జానకమ్మ నుంచి 'కాశ్మీర దీపకళిక' రాసిన నాయని కృష్ణకుమారి దాకా, గడప దాటిన ప్రతి స్త్రీనీ వెతికి పట్టుకుని గర్వపడ్డాను. ఆ గర్వం ఇప్పటికీ ఉంది. కానీ నా మూడువందల పేజీల్లో 'ఈ బండి ఎవరు తోలారు, ఈ పడవ ఎవరి ఇంటిది, ఆ ఇంటి ఆడమనిషి ఎక్కడుంది' అని ఒక్క పేజీ లేదు. ప్రయాణించిన స్త్రీని మాత్రమే స్త్రీగా లెక్కగట్టాను. ఒడ్డున నిలబడి ఆ ప్రయాణాన్ని మోసిన ఆమె నాకు దృశ్యంలో భాగం అయిపోయింది.

ఇది చదివి కోపం వచ్చేవాళ్లుంటారని తెలుసు. 'ఇంటి చాకిరీ, ఉద్యోగం, పిల్లల పరీక్షలు, వీటన్నిటి మధ్య ఆడవాళ్లకి దొరికింది ఒక్కరోజు. దానికీ అపరాధ భావం అంటగడతావా? తెల్లవార్లూ తాగి తిరిగే మగవాళ్లని ఇలా అడుగుతావా?' న్యాయమైన ప్రశ్నే. మాలో ఒకామె నలభై రెండేళ్ల వయసులో మొదటిసారి నీళ్లలో తల ముంచింది. పైకొచ్చి ఏడ్చింది. ఆ ఏడుపు అబద్ధమని నేననను. వెళ్లొద్దని అసలే అనను. వెళ్దాం. సరదా పడదాం. దాన్ని సరదా అందాం, సెలవు అందాం. స్వేచ్ఛ, విముక్తి అనే మాటలు మాత్రం అంత చవగ్గా వాడొద్దంటున్నాను. గంటల లెక్కన అద్దెకి దొరికేది, అద్దె కట్టలేని ఆమెకి దొరకనిది, స్వేచ్ఛ ఎలా అవుతుంది? ఆ మాటలు తెచ్చుకోవడానికి మన ముందుతరం ఆడవాళ్లు చాలా ఖరీదు కట్టారు. ప్యాకేజీలు అమ్మేవాళ్లకి వాటిని మనమే చేజేతులా అందించకూడదు.

అపరాధ భావంతో ఎవరికీ ఏమీ ఒరగదు కూడా. అడగాల్సినవి ఉన్నాయి. ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల భృతి 2019 నుంచి పదివేలు, 2025లో ఇరవై వేలయింది. అది పడవ మీద వేటకి వెళ్లేవాళ్లని లెక్కగట్టి ఇచ్చేది. ఆ అరవై ఒక్క రోజులూ గంపలో చేప లేని ఆడవాళ్ల సంగతేమిటి? పడవ ఎక్కనివ్వరు. ఎక్కలేదు కాబట్టి మత్స్యకారిణిగా లెక్కలోకి రాదు. ఆచారమూ సర్కారు కాగితమూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తున్నాయి. అప్పు ఆమె పేరున ఇచ్చే బ్యాంకు, పడవ ఆమె పేరున కూడా రాయించమని ఎందుకు అడగదు? మన జెట్టీల మీద పర్యాటకులకి షెడ్డు వేసేటప్పుడు, చేపలమ్మే ఆమెకి నీడా మరుగుదొడ్డీ ఆ అంచనాల్లో ఎందుకుండవు? కేరళలో త్రిశూర్ జిల్లాకి చెందిన కె.సి. రేఖ, భర్తకి తోడు దొరకక తనే పడవెక్కి, లోతు సముద్రంలో వేటకి లైసెన్సు తెచ్చుకుంది. ఏ గంగమ్మా ఆమె మీద కోప్పడలేదు. ఆమె గురించి రాసినవాళ్లు 'తొలి మహిళ' అని పొగిడారు. స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్లకి తొలి మహిళ అయినందుకు సిగ్గుపడాల్సింది ఎవరో రాయలేదు.

వచ్చేముందు జంగ్లీఘాట్‌లో ఆమె నన్నొకటి అడిగింది. "అక్కడ నీళ్లకింద పువ్వుల్లాగుంటాదంట గదమ్మా? మా వోడు సెప్తాడు. ఎలాగుంటాది?"

పుట్టిన దగ్గర్నుంచీ సముద్రం పక్కన బతికిన మనిషికి, ఒక్క పూట అద్దెకి వెళ్లొచ్చిన నేను సముద్రం ఎలా ఉంటుందో చెప్పాలి. పువ్వుల్లాగే ఉంటుందమ్మా అన్నాను. కొన్ని తెల్లగా ఉన్నాయనీ, అవి చచ్చిపోయినవని మీ అబ్బాయే చెప్పాడనీ అన్నాను. 2010లో నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబారాయని ఎక్కడో చదివింది కూడా చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె శ్రద్ధగా వింది. "మీరు సూసినారు గదా, సాలు" అంది.

చాలదమ్మా. అప్పుడే ఆ మాట అనాల్సింది. ఆమె ముందు నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.