నట్టుకు వెల్డింగ్ కొట్టించే ముందు ఈ మాట వినండి



ఈ పోస్టు కొంతమందికి కోపం తెప్పిస్తుంది. అయినా రాస్తున్నా. దుక్కుల సీజన్ వస్తే చాలు, రోటవేటర్ బ్లేడు నట్టు వదులవుతోందని ఎవరన్నా అనగానే రెండు రకాల సలహాలు వస్తాయి. ఒకరు "రెండు చుక్కలు వెల్డింగ్ కొట్టించెయ్, పీడా పోద్ది" అంటారు. ఇంకొకరు "ఎర్ర మందు పోసెయ్, జన్మలో ఊడదు" అంటారు. ఇద్దరి మాటా ఒకటే: జన్మలో ఊడకూడదు.

నేను అడిగేది ఒక్కటే. జన్మలో ఊడని నట్టు మనకెందుకండీ? బ్లేడు అరిగిపోయేది. అరిగితే మార్చాల్సింది మనమే. పనిలో ఉన్నప్పుడు ఊడకూడదు, మనం పానా వేస్తే రావాలి. ఈ రెండూ కావాలి మనకు.

అసలు నట్టు ఎందుకు వదులవుతుందో ముందు చూడండి. బోల్టును గట్టిగా బిగించినప్పుడు అది కంటికి కనపడనంత సాగుతుంది. సాగిన రబ్బరు లాగా వెనక్కి లాగుతుంది. ఆ లాగుడే బ్లేడునూ ఫ్లాంజినీ ఒకటిగా పట్టి ఉంచేది. బిగింపు చాలకపోతే, రాయి తగిలిన ప్రతిసారీ బ్లేడు వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. అలా అటూ ఇటూ జరిగిన కొద్దీ నట్టు తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. ఈ సంగతి 1969లోనే గెర్హార్డ్ యుంకర్ అనే జర్మనీ ఇంజనీరు పరీక్ష పెట్టి మరీ చూపించాడు. ఆ రకం పరీక్షల్లో మనం నమ్ముకున్న మామూలు స్ప్రింగ్ వాషర్ కూడా పెద్దగా ఆపలేదు. మర మీద దారం చుట్టడం, ఎంసీల్ పెట్టడం సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

ఇప్పుడు వెల్డింగ్ సంగతి. మంచి బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకె ఉంటుంది. ఆ బలం వట్టి ఇనుముది కాదు, దాన్ని కాల్చి చల్లార్చి పదును పెడితే వచ్చింది. బ్లేడుకూ అంతే. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ పదును పాడవుతుంది. ఒక చోట మెత్తబడుతుంది, ఇంకో చోట పెళుసవుతుంది. నట్టు తిరగదు, నిజమే. కానీ బోల్టే విరుగుతుంది. పైగా వదులుగా ఉన్న నట్టుకు వెల్డింగ్ కొడితే ఆ వదులు వదులుగానే ఉండిపోతుంది. బిగింపు రాదు. తర్వాత బ్లేడు మార్చాలంటే గ్యాస్ కటింగే గతి. ఫ్లాంజి కన్నం కూడా కాలిపోతే రోటర్ మొత్తానికే ఖర్చు.

ఎర్ర మందు అంటే ఏమిటి? మరలకు వేసే థ్రెడ్ లాకర్‌లో గట్టి రకం. ఈ మందు కొత్తదేం కాదు. 1950ల్లో అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ తయారుచేశాడు, దాన్నే లాక్‌టైట్ అన్నారు. గాలి తగులుతున్నంతసేపూ నీళ్ళలా ఉంటుంది. ఇనుప మరల మధ్య గాలి అందని చోట గట్టిపడుతుంది. అందుకే సీసా నిండా పోయరు, కొంత ఖాళీ ఉంచుతారు. మోసం అనుకోకండి.

గట్టి రకం వేసిన నట్టు విప్పాలంటే 250 డిగ్రీల దాకా కాల్చి, వేడి మీదే తిప్పాలి. పొలంలో అది ఎవరివల్ల అవుతుంది? బేరింగ్ పక్కన మంట పెడితే ఆయిల్ సీలు కరిగిపోతుంది. అంటే మన పానాతో మనం చేసుకునే పనిని తీసుకెళ్ళి షాపు చేతిలో పెడుతున్నాం. ఎవరికి లాభమో మీరే ఆలోచించండి.

మనకు కావలసింది మీడియం రకం. లాక్‌టైట్‌లో 243 అనే నీలం మందు ఆ రకమే. మామూలు పానాతో విప్పితే వస్తుంది. అయితే రంగును మాత్రమే నమ్మొద్దు, కంపెనీని బట్టి రంగులు మారతాయి. సీసా మీద మీడియం అని ఉందో, హై అని ఉందో చదివించుకుని కొనండి.

కొన్నాక కూడా ఒక మాట గుర్తుంచుకోండి. పట్టేది బిగింపు, మందు ఆ బిగింపుకు కాపలా. ఇంట్లో దొంగ ఉండగా వాకిట్లో కాపలా పెడితే ఏం లాభం?

పని ఇలా చేయండి. ట్రాక్టర్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకోండి. పీటీఓ తీసేయండి. రోటవేటర్ కింద గట్టి దిమ్మెలు పెట్టండి, హైడ్రాలిక్‌ను నమ్మి కిందకు దూరొద్దు. బ్లేడుకూ ఫ్లాంజికీ మధ్య మట్టి, తుప్పు, మందంగా ఉన్న రంగు గీకేయండి. అవి మధ్యలో ఉంటే నాలుగు చాళ్ళు తిరిగేసరికి నలిగి బిగింపు పోతుంది. మర అరిగిన బోల్టు పారేయండి, దాన్ని ఏ మందూ బతికించదు. మరలు బ్రష్షుతో రుద్ది, పెట్రోలుతో జిడ్డు కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. నట్టు కూర్చునే చోట రెండు మూడు చుక్కలు చాలు. చేతికి గ్లౌజు వేసుకోండి, చర్మానికి పడనివాళ్ళుంటారు. కంపెనీ పుస్తకంలో చెప్పినంత బిగించండి. 24 గంటలు వదిలేయండి. పావుగంటకే పట్టినట్టు అనిపిస్తుంది గానీ పూర్తి బలం అప్పటికి రాదు. గట్టిపడ్డాక "ఇంకొంచెం బిగిద్దాం" అని తిప్పారంటే ఆ పట్టు తెగిపోతుంది. అలా తిప్పాల్సి వస్తే విప్పి, కడిగి మళ్ళీ మొదటి నుంచి చేయాలి.

అన్నిటికీ పూయొద్దు కూడా. సైలెన్సర్ బోల్టు వేడికి ఈ మందు నిలవదు. స్ప్రేయర్ ప్లాస్టిక్ ముక్కలకు తగిలితే కొన్ని పగుళ్ళిస్తాయి. లోపల నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టుకు మందు అక్కర్లేదు, విప్పినప్పుడల్లా కొత్త నట్టు వేస్తే చాలు.

"84 బోల్టులకు ఇంత ఓపిక ఎవరికుంది?" అంటారు, తెలుసు. 42 బ్లేళ్ళ రోటవేటర్‌కు 84 బోల్టులే, నిజం. కానీ ఆ పని పడేది బ్లేళ్ళు మార్చినప్పుడే. ఓపిక లేదన్నవాళ్ళు ఒకసారి దుక్కిలో రోటవేటర్ వెనక చూడండి. పురుగుల కోసం కొంగలు నడుస్తుంటాయి. ఒక్కోసారి వాటి వెనక మన పిల్లలు కూడా నడుస్తుంటారు. వదులైన బ్లేడు ఎగిరితే అది ఎవరి బిడ్డ అని చూడదు. బిగింపు ఎంత బాగున్నా పిల్లల్ని దగ్గరకు రానివ్వొద్దు, అది వేరే మాట.

చివరగా పైసా ఖర్చు లేని పని. బిగించిన ప్రతి నట్టు మీదుగా బోల్టు చివర దాకా రంగుతో ఒక గీత గీయండి. ఇంట్లో ఆడపిల్లల గోళ్ళ రంగైనా చాలు. పొద్దున్నే మట్టి తుడిచి చూస్తే గీత తిన్నగా ఉందో, తెగిందో తెలిసిపోతుంది. తెగితే ఆ నట్టు కదిలినట్టే. ఆ రోజు బండి కదలకూడదు. బాడుగకు తెచ్చుకున్న రోటవేటర్ అయినా సరే, గీత చూపించమని ఓనర్ని అడగండి. గీత లేకపోతే మీరే ప్రతి నట్టుకూ పానా వేసి చూశాకే చేలోకి దించండి. మొహమాటపడొద్దు, చేను మనది, తిరిగే మనుషులు మనవాళ్ళు.