"తాకి" అన్నాడని నవ్వేస్తున్నారా?

మొన్న బ్రాడీపేట నాలుగో లైన్లో తెలిసినవాళ్ళింట్లో పుట్టినరోజుకి వెళ్ళాను. కేకు కోయడం అయింది, పలహారాల ప్లేట్లు తిరుగుతున్నాయి. ఇంతలో ఆ ఇంటి పెద్దావిడ అయిదేళ్ళ మనవణ్ణి తీసుకొచ్చి మధ్యలో నిలబెట్టింది. "నాన్నా, కాకి అను!"

"తాకి" అన్నాడు వాడు. గదంతా గొల్లుమంది.

"కాకరకాయ అనరా!"

"తాతరతాయ."

మళ్ళీ నవ్వులు. మూడోసారి వాడు నోరు తెరవలేదు. వాళ్ళమ్మ చీరకుచ్చెళ్ళ వెనక్కి పోయి నిలబడ్డాడు. "వాళ్ళ నాన్నకీ ఇట్టాగే ఉండేదిలే, అదే వస్తుంది" అనేసి పెద్దావిడ కాఫీలు చూడ్డానికి వెళ్ళిపోయింది.

నేనూ నవ్వాను, దాచుకోవడం ఎందుకు! కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఇట్టాంటి నవ్వు విషయంలో నేనొక పిల్లకి బాకీ పడి ఉన్నాను.

పాతికేళ్ళ కిందట ఓ బళ్ళో తెలుగు చెప్పేదాన్ని. నాలుగో తరగతిలో ఒకమ్మాయి సైకిలుని "తైకిలు" అనేది, సినిమాని "తినిమా" అనేది. డిక్టేషనులోనూ అదే రాసేది. లేపి నిలబెట్టి "సరిగ్గా పలుకు" అని మూడుసార్లు, నాలుగుసార్లు అనిపించేదాన్ని. క్లాసంతా నవ్వుతుంటే ఆపేదాన్ని కాదు. నవ్వితే రోషం వచ్చి నేర్చుకుంటుందని నా తెలివి! రోషం రాలేదు సరికదా, ఉన్న మాట కూడా పోయింది. హాజరు పిలిచినా చెయ్యెత్తేది తప్ప నోరు విప్పేది కాదు.

ఒకరోజు నల్లబల్ల మీద రాస్తూ, వెనక్కి తిరక్కుండానే ఆ పిల్లని ప్రశ్న అడిగాను. పేరు వినపడినట్టుంది, లేచి నిలబడింది. ప్రశ్న మాత్రం అందలేదు. ఇటు తిరిగి అదే ప్రశ్న అడిగితే టక్కున చెప్పేసింది. అనుమానం వచ్చి నాలుగు రోజులు కావాలనే అట్టా చేసి చూశాను. ప్రతిసారీ అంతే. చెవుల డాక్టరుకి చూపించమంటే వాళ్ళమ్మ నొచ్చుకుంది. "పిలిస్తే పలుకుతుందిగా టీచరుగారూ, చెవుడేంటండీ!" అంది. తీరా పరీక్ష చేయిస్తే, మోటు శబ్దాలన్నీ బాగానే వినపడుతున్నాయి, సన్నటి శబ్దాలే వినపడటం లేదు.

చెవుడంటే అసలేమీ వినపడకపోవడమేనని మనలో చాలామంది లెక్క. మాటలోని శబ్దాలన్నీ ఒక తీరున ఉండవు. అ, ఆ, ఓ లాంటి అచ్చులు బరువుగా, గట్టిగా ఉంటాయి. పేరు పెట్టి పిలిస్తే పలకడానికి అవి చాలు. 'స' అట్టా కాదు, పళ్ళ సందులోంచి సన్నగా జారే గాలి. అందులో బలమంతా సెకనుకి సుమారు 4000 కంపనాలకి పైనే ఉంటుంది. పాత ల్యాండ్ ఫోన్లు 300 నుంచి 3400 దాకానే మోసుకొచ్చేవి. అందుకే "ఎస్సా, ఎఫ్ఫా?" అని రెట్టించి అడిగేవాళ్ళం, గుర్తుందా? ఆ పిల్లకి ఎదురుగా ఉన్న మనిషి మాట కూడా అట్టాగే వినపడేది. వినపడని 'స'ని ఎక్కణ్ణుంచి తెచ్చి పలుకుతుంది చెప్పండి!

మరి నా మొహం చూస్తే ఎట్టా అర్థమైంది? కళ్ళతో వింది. మనమూ కొంత అట్టాగే వింటాం. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. తెరమీద మనిషి నోరు "గ" అంటుంటే, శబ్దం మాత్రం "బ" అని వినిపించారు. పెద్దవాళ్ళలో ఎక్కువమంది "ద" అని విన్నారు! 2020లో మనందరం మాస్కులు కట్టుకున్నప్పుడు కూరగాయల బండి దగ్గర ఒకే మాట రెండుసార్లు చెప్పాల్సొచ్చేది. గుడ్డ గొంతుని అణిచింది, పెదాల్నీ దాచేసింది.

అలాగని "తాకి" అన్న ప్రతి పిల్లాడికీ చెవిలో లోపం ఉందని కంగారు పడొద్దు. మన అక్షరమాల వరస ఒకసారి నెమ్మదిగా పలికి చూడండి. క, చ, ట, త, ప... నాలుక వెనక మొదలై ఒక్కో అడుగూ ముందుకొచ్చి పెదాల దగ్గర ఆగుతుంది. చిన్నప్పుడు బట్టీ పట్టిన ఆ వరస మన నోటి పటమే. 'త' అనాలంటే నాలుక కొస పళ్ళకి తగిలితే చాలు. 'క' అనాలంటే నాలుక వెనకభాగం లేచి అంగిలికి తగలాలి. పసివాళ్ళకి ముందుది తేలిక, దాంతోనే గడిపేస్తారు. మూడేళ్ళలోపు అది మామూలే. 'ర' తిరగడానికి అయిదారేళ్ళు పట్టే పిల్లలూ ఉన్నారు.

చాలాసార్లు పిల్లల చెవి ముందుంటుంది, నోరు వెనకబడుతుంది. 1960లో జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ అనేవాళ్ళు ఓ పిల్లాడి ముచ్చట రాశారు. వాడు తన చేప బొమ్మని "ఫిస్" అనేవాడు. పెద్దవాళ్ళు "నీ ఫిస్సా?" అంటే కాదని కోప్పడేవాడు. "ఫిష్" అన్నాక గానీ ఒప్పుకోలేదు. తన నోటికి రాని తేడా వాడి చెవికి తెలుసన్నమాట. ఇది మీరూ చేసి చూడొచ్చు. "అది తాకియా?" అన్నప్పుడు పిల్లాడు కాదంటే, తేడా వాడికి వినపడుతున్నట్టే. ఒప్పేసుకుంటే చెవిమీద అనుమానం పెట్టుకోండి. ఇది డాక్టరు పరీక్ష కాదు, మనకొక ఆనవాలు అంతే. ఎట్టా ఉన్నా నాలుగేళ్ళు దాటి ఇంకా "తాకి" అంటుంటే చూపించాల్సిందే. జలుబు ముదిరి చెవిలోపల నీరు చేరినా కొన్నాళ్ళు వినికిడి మందగిస్తుంది. అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బళ్ళలో 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చేసే పరీక్షల్లో వినికిడి కూడా ఉంది. అడగండి, మొహమాటపడొద్దు.

పిల్లల్నంటే సరే, పెద్దవాళ్ళని కూడా వదలం కదా! శంకర్ విలాస్ సెంటర్ని ఆటో అబ్బాయి "సంకరిలాసు" అంటే మూతి తిప్పుతాం. పనమ్మాయి "బాస" అందని ఇంటికొచ్చిన చుట్టాలకి చెప్పి నవ్విస్తాం. 'శ' పలికేవాళ్ళు లేని ఇంట్లో పెరిగితే, 'శ' వేరు 'స' వేరు అని చెవికి పట్టింపు ఎందుకుంటుంది? జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో చూపించింది ఇట్టాంటిదే. ఇంగ్లీషు ఇళ్ళలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పసికందులకి హిందీలోని 'ట'కీ 'త'కీ తేడా వినపడింది. ఏడాది నిండే వేళకి చాలామందికి పోయింది. ఆ ఇంట్లో ఆ తేడాతో పని లేదు మరి.

మనమేమైనా తక్కువ తిన్నామా? ద్రాక్షతీగ వైన్, ద్రాక్షసారా వైన్, ఇంగ్లీషువాళ్ళకి రెండు 'వ'లు. మనకొకటే. బండి 'ఱ' సంగతి మరీ చోద్యం. ఒకప్పుడు దాని పలుకే వేరు, పాత కవులు ప్రాసలో 'ర'తో కలపడానికి ఒప్పుకునేవాళ్ళు కాదు. ఇవాళ ఏ పండితుడి నోట్లోనైనా రెండూ ఒకటే. దానికి సిగ్గుపడినవాళ్ళని నేను చూళ్ళేదు. 'శ' నేర్పొద్దని నా మాట కాదు. రేపు ఉద్యోగాల దగ్గర ఆ పిల్లలకి అవసరమే. పక్కన కూర్చోబెట్టుకుని, మీ నోరు కనపడేట్టు, నెమ్మదిగా నేర్పండి. నలుగురిలో నిలబెట్టి మాత్రం కాదు.

నా క్లాసులోని అమ్మాయికి చెవి మిషను పెట్టించారు. రెండేళ్ళకి 'స' వచ్చింది. పక్క క్లాసు టీచరుకి చక్కగా జవాబులు చెప్పేదట. నా క్లాసులో మాత్రం ఆఖరిదాకా చెయ్యే ఎత్తింది.

పుట్టినరోజు నాటి సంగతి సగంలో ఆపాను కదూ. అందరూ వెళ్ళాక ఆ పిల్లాడి పక్కన కూర్చున్నా. బాల్కనీ గోడమీద కాకి వాలింది. నా నోరు కనపడకుండా వాడి వెనక్కి జరిగి, "అదేంట్రా, తాకియా?" అన్నాను.

"ఊఁ" అని తలూపాడు. రెండోసారి అడిగినా అంతే.

వాళ్ళమ్మ నావైపు చూసింది. "పిన్నిగారూ, మా అత్తయ్యకి చెప్పబోకండి, పిల్లాడికి చెవుడని పేరు పెడతారా అంటుంది" అంది. శనివారం పరీక్షకి తీసుకెళ్తోంది. నేనూ తోడు వెళ్తున్నా.