వంకాయ కారు చేసిన చేతులు

హైదరాబాద్ జూపార్కు దగ్గర బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం ఉంది. సుధాకర్ యాదవ్ గారు తుక్కు సామానుతో వంకాయ కారు, బూటు కారు, క్రికెట్ బంతి కారు చేశారు. బొమ్మలు కావు, ఇంజనుతో నడిచేవే. 2005లో 41 అడుగులు దాటిన మూడు చక్రాల సైకిలు చేసి గిన్నిస్‌కెక్కారు.

అరుగు మీద ఈ మాటొస్తే మావాళ్ళు "తిన్నదరక్క" అన్నారు. నేనొప్పుకోనండి. రేకుని వంకాయలా వంచి లోపల ఇంజను, స్టీరింగు, సీటు సర్దడం ఆషామాషీ కాదు. సైలెన్సరు పీకేసి ఊళ్ళో డబడబలాడించే కుర్రాళ్ళ పనీ ఇదీ ఒకటి కాదు.

నా బాధ వేరే. అలాంటి బుర్రలు మన పక్క వెల్డింగు షాపుల్లోనూ ఉన్నాయి. కిందటి దాళ్వాకి మా ఊరి వెల్డరు పాత మోపెడ్ ఇంజనుతో కలుపు తీసే మిషను చేసిచ్చాడు. డ్రమ్ సీడర్‌తో వేసిన చేలో మూడో వరసకే చైను తెగింది. మళ్ళీ బిగించాడు. కూలి మనిషి దొరకని రోజున అదే దిక్కయింది. కంపెనీ మిషనుకి సబ్సిడీ ఇస్తారు, ఇతను రేకు కూడా అప్పు మీదే తెచ్చుకోవాలి. ఆ సబ్సిడీలో ఇలాంటోళ్ళకీ వాటా పెట్టాలంటాను.

మీ ఊళ్ళో ఇలాంటి వెల్డరు ఉంటే కామెంట్లో ఊరి పేరు పెట్టండి. దాళ్వా ఊడుపుల్లోపు వచ్చి చూస్తా.