కిటికీలో గ్లాసు

ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ కమిషనర్ గారికి,

నూలు మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరుగా చేసి రిటైరైనవాణ్ని. ఇది ఫిర్యాదే గాని, అందులో మొదటి ముద్దాయిని నేనే.

మా రింగ్‌ఫ్రేమ్ సెక్షన్లో ఒకమ్మాయి ఉండేది, కాంట్రాక్టరు మనిషి. నెలకో రోజు గుడికని సెలవడిగి హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లొచ్చేది. మాత్రల డబ్బా లేబుల్ గోటితో గీకేసి, గలగలలాడకుండా లోపల దూది కుక్కేది. నూలు మిల్లులో దూదికేం కొదవ! అయినా సంగతి పొక్కింది. మర్నాడు మంచినీళ్ల డ్రమ్ము దగ్గరి గ్లాసొకటి తీసి కిటికీలో పెట్టి, "ఇది నీది" అన్నది నేనే. గ్లాసుతో హెచ్ఐవీ అంటదని నాకు తెలుసు. మిగతావాళ్లు గొడవ చేస్తారని సర్దిచెప్పుకున్నాను. వారం తిరక్కుండా కాంట్రాక్టరు, "పని తగ్గిందమ్మా, రేపట్నుంచి రావొద్దు" అన్నాడు. ఆ వారమే ఇద్దర్ని కొత్తగా తీసుకున్నాడు.

ఇది 2019 నాటి మాట. హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచే అమల్లో ఉంది. దాని ప్రకారం హెచ్ఐవీ ఉందని ఒకరిని తీసేయాలంటే, పని చేయలేరనో, ఇతరులకు సోకే ముప్పు గట్టిగా ఉందనో బయటి డాక్టరు రాసివ్వాలి. తనకొచ్చే ఇబ్బందేమిటో యాజమాన్యమూ రాసివ్వాలి. చట్టం కాగితం అడుగుతుంది. మా దగ్గర మనిషిని తీసేయడానికి నోటిమాట చాలు. ఆ అమ్మాయి చేతిలో చివరికి గేటు పాసు కూడా మిగల్లేదు.

కేసు వేయమంటే, "పేపర్లో పడతాను సార్" అంది. అసలు పేరు బయటపెట్టకుండా విచారణ జరిపే వీలు ఆ చట్టంలోనే ఉందని అప్పుడు నాకూ తెలియదు. 100 మంది, అంతకు మించి ఉన్న చోట ఫిర్యాదుల అధికారి ఉండాలట. మేం 400 మందిమి. మా నోటీసు బోర్డు మీద బోనసు తేదీ చూశాను గాని, అలాంటి పేరు ఏనాడూ చూడలేదు.

మీ ఇన్‌స్పెక్టర్లు జీతాల పట్టీ ఎలాగూ తిరగేస్తారు. ఆ చేత్తోనే బోర్డు మీద ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు ఉన్నాయో లేదో చూడమనండి. మానిపించినవాళ్లకు కాంట్రాక్టరు కారణం రాసిచ్చాడో లేదో అడగమనండి. ఎవరికి ఏ జబ్బని మాత్రం అడగొద్దు.

ఎప్పుడైనా విచారణ జరిగితే, గ్లాసు ఎవరు తీశారో చెప్పడానికి నేనొస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సూపర్‌వైజరు