ఆకు వేరు, నూనె వేరు

ఔషధ మొక్క ఆకులోని గుణమంతా దాని నూనెలోకి దిగుతుందని, ఒక్క చుక్క గుప్పెడు ఆకుల పని చేస్తుందని నమ్మేవాళ్లు ఇప్పుడు ఇంటింటా ఉన్నారు. సీసా మీద ‘బస్తర్ అడవి’ అన్న పేరు కూడా ఉంటే ఇక ప్రశ్న వేసేవాళ్లే ఉండరు. ఈ నమ్మకం తప్పు. జ్వరాల కాలంలో ప్రమాదకరం కూడా.

జగదల్‌పూర్ నుంచి సుక్మా, కోంటా మీదుగా మన భద్రాచలం వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి బస్తర్‌ను మనతో కలుపుతుంది. బస్తర్ జనం వాడే మొక్కల్లో వావిలి, నేలవేము మనకూ బాగా తెలిసినవే. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్లు పోస్తాం. గంగాళం మరుగుతుంటే ఇల్లంతా ఘాటు కమ్ముకుంటుంది. ఆ ఘాటే నూనె. మరి నీళ్లకు పట్టిన రంగు, వగరు సంగతేమిటి? అందులో నెగుండోసైడ్, ఆగ్నుసైడ్ వంటి గ్లైకోసైడ్లు, ఫ్లేవనాయిడ్లు ఉంటాయి. అవి ఆవిరితో పైకి లేవవు. నూనె బట్టీలో గొట్టం దాటి వచ్చేవి ఎగిరిపోయే గుణమున్న టెర్పీన్ల వంటివే. మిగిలినవి పిప్పిలో, అడుగు నీళ్లలో ఉండిపోతాయి. నేలవేములో ఇది ఇంకా స్పష్టం. దాని చేదుకు మూలమైన ఆండ్రోగ్రాఫోలైడ్ ఆవిరికి లొంగదు. ఆ చేదు పోయాక నేలవేములో మిగిలేదేమిటి?

‘ల్యాబ్‌లో క్రిములను చంపిందిగా’ అంటారు. నిజమే, నిమ్మగడ్డి నూనెలో 70-80 శాతం దాకా ఉండే సిట్రాల్ గాజుపళ్లెంలో చాలా క్రిములను ఆపుతుంది. అయితే అందుకు తరచుగా మిల్లీలీటరుకు మిల్లీగ్రాముల లెక్కన నూనె కావాలి. మంచి యాంటీబయాటిక్‌కు మైక్రోగ్రాములు చాలు. పైగా సిట్రాల్ ఒంట్లోకి వెళ్లగానే వేగంగా విరిగిపోతుంది. పళ్లెంలో ఏర్పడ్డ ఖాళీ వలయాన్ని చూసి రోగం తగ్గుతుందని చెప్పడం అన్యాయం.

నూనెలు పనికిరావని నేననను. నిమ్మగడ్డి, రోషాగడ్డి సబ్బులకు, అత్తర్లకు కావాలి. వాటిని పండించి రైతు నాలుగు డబ్బులు సంపాదిస్తే సంతోషమే. కానీ ‘సహజం కాబట్టి హాని లేదు’ అనే మాట అబద్ధం. నీలగిరి తైలం ఒక టీస్పూన్, అంటే 5 మిల్లీలీటర్లు కడుపులోకి పోతే పసిపిల్లకు మూర్ఛ రావచ్చు, స్పృహ తప్పవచ్చు. దోమలను తరిమే విషయంలోనూ ఇదే గందరగోళం. నిమ్మవాసన నీలగిరి నుంచి తయారైనదాన్ని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సిఫారసు చేస్తుంది, కానీ అది పీఎండీ అనే పదార్థాన్ని పెంచి శుద్ధి చేసిన సరుకు. మూడేళ్లలోపు పిల్లలకు అదీ వద్దంటుంది. బట్టీ నుంచి నేరుగా దిగిన నూనెలో ఎక్కువగా ఉండేది సిట్రోనెల్లాల్. అందుకే మొక్క శాస్త్రీయ నామం, ముఖ్య రసాయనాల శాతం, తాగకూడదన్న హెచ్చరిక లేని సీసాను అంగట్లో పెట్టనివ్వకూడదు.

నా భయమంతా జ్వరం గురించే. ఛాతీకి నూనె రాసి రెండు రోజులు చూద్దామనుకుంటే, ఫాల్సిపారం మలేరియా ఆ రెండు రోజుల్లోనే మెదడుకు ఎక్కవచ్చు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో మితానిన్లనే ఊరి ఆరోగ్య కార్యకర్తలు వేలి కొస నుంచి తీసిన రక్తం చుక్కతో ఇరవై నిమిషాల్లోపే సంగతి తేల్చగలరు. 2020 జనవరిలో మొదలైన ‘మలేరియా ముక్త బస్తర్’ కార్యక్రమంలో ఇంటింటికీ వెళ్లి జ్వరం లేనివాళ్లకూ ఆ పరీక్ష చేశారు. ఫాల్సిపారానికి ఇచ్చే మాత్రల్లో ప్రధానమైన మందు ఆర్టిమిసినిన్ నుంచి వచ్చింది. అదీ ఒక ఆకులోదే. ఆ మొక్కకూ ఘాటైన నూనె ఉంది. చైనా శాస్త్రవేత్త తూ యూయూ 1971లో ఆకును ఎక్కువ వేడి తగలనీయకుండా ఈథర్‌లో నానబెట్టి ఆ మందు జాడ పట్టింది. 2015లో ఆమెకు నోబెల్ తెచ్చిన పదార్థం వాసన లేని తెల్లటి స్ఫటికం.