పుట్టలో పాలు ఎవరికి?
కార్తీక శుద్ధ చవితి వస్తే రాజోలు చుట్టుపక్కల తోటల్లో పుట్టల దగ్గర చిమ్మిలి, చలిమిడి, కోడిగుడ్లు, పాలతో ఆడవాళ్లు, పిల్లలు చేరతారు. పండగతో నాకు పేచీ లేదు, పాలతోనే. పాము మాంసాహారి, పాలు దానికి అరగవు. నీళ్లివ్వకుండా మాడిస్తే గత్యంతరం లేక తాగుతుందంతే, పాములవాళ్ల బుట్టలో జరిగేది ఆ ఘోరమే. గుడ్డు కొంత నయం, తాచు అప్పుడప్పుడు గుడ్లూ మింగుతుంది. పాముకు తిండి పెట్టే పద్ధతే వేరు: విదేశాల్లో బాల్ పైథాన్ అనే కొండచిలువను పెంచేవాళ్లు కొత్తగా తెచ్చిన పామును కొన్నాళ్లు ముట్టుకోకుండా వదిలేసి, ఆ తర్వాతే దాని ఒంటి లావుకు తగ్గ ఎలుకను పెడతారు. తిన్నాక ఒకటి రెండు రోజులు చేతుల్లోకి తీసుకోరు, కదిలిస్తే కక్కేస్తుందని. మన తాచుకూ జెర్రిపోతుకూ ఆ సేవలు అక్కర్లేదు. వాటిని పట్టి పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. వరిచేలో, కొబ్బరితోటలో ఎలుకలున్నంత కాలం వాటి భోజనానికి లోటేముంది? ఏడాదంతా కనబడ్డ పామునల్లా కర్రతో కొట్టి, చవితినాడు మాత్రం గ్లాసుడు పాలు కన్నంలో ఒంపడం ఏం భక్తో నాకు అంతుబట్టదు. పుట్టమీద ఓ చుక్క చిలకరించి, మిగతా పాలు వెంట వచ్చిన పిల్లలకిస్తే సరి.